ముందు ప్రశ్న, తర్వాతే పుస్తకాలు

పరిశోధన వ్యాసం ఎలా రాయాలో చెబుతూ, పుస్తకాలన్నీ చదివాకే అంశం ఎంచుకోవాలని ఓ వ్యాసకర్త ఇచ్చిన సలహా నాకు నచ్చలేదండి. మా హన్మకొండలో పీజీ పిల్లలు నెలల తరబడి చదివి, తీరా రాయాల్సిన టైంకి టెన్షన్ పడేది అందుకే. ‘కాకతీయుల చెరువులు’ అంశం కాదు, మహాసముద్రం. ‘1213 నాటి రామప్ప గుడి శాసనం ఏం చెబుతోంది, కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు గుడి ఒక్కటే కట్టించాడా, ఊరు, చెరువు కూడానా’ అని అడిగితే ఏం చదవాలో, ఏది పక్కన పెట్టాలో తెలుస్తుంది. శాసన పాఠం స్వయంగా చదవండి, దాని మీద ఇతరులు రాసింది తర్వాత. నోట్సు రాసేటప్పుడే పేజీ నంబరు వేసుకోండి, చివర్లో వెతకడం నరకం. గైడుకి మొత్తం వ్యాసం కాదు, ముందు ఒక పేజీ ప్లాన్ చూపించండి.