ఆ మెసేజ్‌లో కూతురు ఏది?

ఈ వారంలో ఐదోసారి వచ్చింది. ఈసారి పంపింది చిన్నప్పటి స్నేహితుడు, కింద రెండు దండాలు కూడా పెట్టాడు. అందులో ఉన్నదిదీ: అగమెమ్నాన్ గ్రీసు చక్రవర్తి, ట్రాయ్ గెలిచి ఇంటికొస్తే ప్రియుడి మోజులో ఉన్న భార్య క్లైటెమ్‌నెస్ట్రా చంపేసింది, కొడుకు ఒరెస్టీస్ తల్లిని చంపి ధర్మం నిలబెట్టాడు, దేవతలు మెచ్చారు, ఆపైన హాయిగా బతికాడు.

చక్రవర్తేం కాదు, మైసీనీ రాజు. సరే, అది చిన్న విషయం.

ప్రియుడి మోజు అన్నారే, అది మాత్రం వదలను. ఆలిస్ రేవులో గాలి అనుకూలించక ట్రాయ్‌కి వెళ్లే ఓడలు కదల్లేదని అగమెమ్నాన్ కన్నకూతురు ఇఫిజెనియాను బలిచ్చాడు. పెళ్లి చేస్తానని చెప్పి పిలిపించాడని గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ రాశాడు. ఇంకో గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ నాటకంలోనైతే, శపిస్తుందేమోనని ఆ పిల్ల నోరు కట్టించి, మేకను ఎత్తినట్టు బలిపీఠం మీదికి ఎత్తించాడు. కుంకుమపువ్వు రంగు బట్ట నేలకు జారిపోతుంటే, చంపబోయే ఒక్కొక్కరి కళ్లలోకీ జాలిగా చూసింది. ఒకప్పుడు తండ్రి ఇచ్చిన విందుల్లో వాళ్ల ముందే పాటలు పాడిన పిల్ల! చివరి క్షణంలో ఆర్టెమిస్ దేవత ఆ పిల్ల బదులు జింకను పెట్టి తప్పించిందని ఇంకో కథ ఉంది. ఉండనీ, తండ్రి బలికి ఒప్పుకున్న మాట అబద్ధమవుతుందా? ఇంత పెద్ద మెసేజ్ రాసినవాళ్లకు ఆ పిల్ల పేరు రాయడానికి చోటు లేకపోయిందా?

ఆ ప్రియుడు ఎజిస్థస్‌కూ సొంత పగ ఉంది. వాడి అన్నల్ని చంపి, వండి, వాళ్ల తండ్రికే వడ్డించినవాడు అగమెమ్నాన్ తండ్రి ఏట్రియస్.

ఇక హాయిగా బతకడం. నీకు పాలిచ్చిన రొమ్ము ఇదేనని తల్లి చూపిస్తే ఒరెస్టీస్ చెయ్యి ఆగిపోయింది, ఏం చెయ్యనని పక్కనున్న స్నేహితుడు పిలాడీస్‌ను అడిగాడు. తల్లిని చంపమన్న అపోలో దేవుడి ఆజ్ఞను అతను గుర్తుచేస్తేనే చంపాడు. ఆ వెంటనే ఎరినీలనే పగ దేవతలు వెంటపడితే అపోలో గుడి ఉన్న డెల్ఫీకీ, అక్కణ్నుంచి ఏథెన్స్‌కీ పరిగెత్తాడు. విచారణలో ఓట్లు సరిసమానమైతే ఎథీనా దేవత అతని వైపు మొగ్గబట్టి బయటపడ్డాడు. దీన్ని హాయి అంటారా?

ఒక్కటి ఒప్పుకోవాలి. ఎస్కిలస్ నాటకాలు క్రీ.పూ. 458 నాటివి, అంతకు ఎంతో ముందే కవి హోమర్ తన ఒడిస్సీ కావ్యంలో ఒరెస్టీస్‌ను మెచ్చుకున్నాడు. ఇతన్ని చూసి నేర్చుకోమని ఆ కావ్య నాయకుడి కొడుకు టెలిమాకస్‌కు చెప్పిస్తాడు, ఎరినీలు వెంటపడిన సంగతే ఉండదు. అంటే మెసేజ్ పూర్తిగా కల్పన కాదు. కానీ అక్కడా మెచ్చుకున్నది ఎజిస్థస్‌ను చంపినందుకే. తల్లికీ, ఎజిస్థస్‌కూ అంత్యక్రియల విందు ఇచ్చాడంటాడు గానీ, తల్లిని చంపిందెవరో హోమర్ చెప్పడు.