గొర్రెల దీవికి బయలుదేరే ముందు

2027లో ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో ద్వీపాల క్రీడలు జరగబోతున్నాయి. నన్నెవరూ పిలవలేదు. పిలవరు కూడా, ఎందుకంటే అవి దీవులవాళ్ళ ఆటలు. మా ఊరికి ఏ వైపునా సముద్రం లేదు, ఉన్న ఒక్క చెరువూ ప్లాట్లయిపోయింది. ఆటగాడిగా అర్హత లేకపోతేనేం, నిపుణుడు కావడానికి ఎవరి అనుమతి కావాలి? మూడు రాత్రులు ఫోన్ చూసి ఆ హోదా సంపాదించాను. అక్కడికి వెళ్ళే జట్లన్నీ ఈ కింది సూచనలు శ్రద్ధగా చదువుకోవాలని మనవి.

ముందు పేరు సంగతి. ఫారో అంటే గొర్రెల దీవులని అర్థం చెబుతారు. మొత్తం 18 దీవులు. మనుషులు 54 వేల చిల్లర, అంటే మన దగ్గర ఒక మండలం. గొర్రెలు అంతకన్నా ఎక్కువ. వాటికి ఓటు లేదు కాబట్టి సరిపోయింది. వీధులన్నీ ఫొటోలు తీసే గూగుల్ కారు తమ దేశానికి రావట్లేదని 2016లో అక్కడివాళ్ళు గొర్రెల వీపులకి కెమెరాలు కట్టి కొండల మీదికి వదిలారు. అవి మేసుకుంటూ ఫొటోలు తీశాయి. గూగుల్ దిగొచ్చింది. మా వీధి రోడ్డు కోసం మేం ఇచ్చిన అర్జీలకు లెక్కలేదు. ఒక్కటైనా గొర్రె చేత పంపి చూడాల్సింది.

బట్టల విషయం. వేసవే కదా అని పల్చటివి సర్దుకోకండి. అక్కడ జులై సగటు 11 డిగ్రీలు. మా ఇంట్లో ఏసీ కూడా 16 దగ్గరే ఆగిపోతుంది. రేపు వాన పడుతుందా అని అడిగితే 'కన్‌స్కా' అంటారు. అంటే 'ఏమో' అని. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ మకాం వేసిన బ్రిటిష్ సైనికులు ఈ మాట విని విని ఆ దేశానికి 'ఏమో దేశం' అని పేరు పెట్టారట. ప్రతి పనికీ 'చూద్దాం లెండి' అనేవాళ్ళ మధ్య పెరిగాను కాబట్టి నాకైతే ఇబ్బంది ఉండదు.

సముద్రం అడుగున ట్రాఫిక్ సర్కిల్ కూడా ఉంది. 2020లో తెరిచిన 11 కిలోమీటర్ల సొరంగం మధ్యలో కట్టారు. మా సర్కిల్ భూమ్మీదే ఉంది గానీ నాలుగు చినుకులు పడితే అదీ నీళ్ళ అడుగునే.

ఇవన్నీ చదివి నవ్వుకున్నారు కదా? ఆస్ట్రియావాళ్ళకీ 1990 సెప్టెంబర్ 12న ఇలాగే నవ్వొచ్చి ఉంటుంది. అప్పుడే ఇటలీలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఆడొచ్చిన జట్టు. ఎదురుగా యూరప్ కప్ కోసం మొట్టమొదటి అర్హత మ్యాచ్ ఆడుతున్న ఫారో. సొంత దేశంలో పచ్చిక మైదానం లేక స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనాలో ఆడాల్సి వచ్చింది. గోల్‌కీపర్ యెన్స్ మార్టిన్ క్నుడ్సన్ నెత్తిన తెల్లటి ఊలు టోపీ, దాని కొసన కుచ్చు బంతి. చలికాలం తెల్లవారుజామున పాలప్యాకెట్‌కి బయల్దేరిన బాబాయిలా ఉన్నాడు. రెండో సగంలో కలప అమ్మే టోర్‌కిల్ నీల్సన్ బంతి పట్టుకుని ఒక్కడే చొచ్చుకుపోయి గోల్ కొట్టాడు. ఆ తర్వాత ఆస్ట్రియా ఎంత గింజుకున్నా టోపీ బాబాయి ఒక్కటీ లోపలికి పోనివ్వలేదు. 1-0. ఆస్ట్రియా కోచ్ రాజీనామా చేశాడు. ఆయనా నాలాగే ఆ టోపీ సంగతొక్కటే చదువుకుని వచ్చి ఉంటాడు.

ఈ పేరా రాశాక నా నైపుణ్యం మీద నాకే కాస్త టెన్షన్ మొదలైంది. మా ఆవిడ వచ్చి చూసి, "ఇంతకీ అక్కడివాళ్ళు ఏ ఆటలో గట్టివాళ్ళు?" అంది. గొర్రెల లెక్క చెప్పబోయి ఆగి, మళ్ళీ ఫోన్ తీశాను. పడవ పందేలు వాళ్ళ జాతీయ క్రీడ. ఈత కొలను విషయమూ ఉంది. పాల్ యోన్సన్ అనే కుర్రాడు 25 మీటర్ల కొలనులో సాధన చేసి 2010లో యూరప్ పోటీల్లో 1500 మీటర్ల ఈతలో రజతం తెచ్చాడు. ఆ తర్వాత ఊరివాళ్ళు 50 మీటర్ల కొలను కట్టి అతని పేరు పెట్టారు. మూడు రాత్రుల్లో ఇది నా కంటపడలేదు, గొర్రెలు అడ్డొచ్చాయి.

చివరగా ఒక భద్రతా సూచన. ఆ దేశంలో కారుతో గొర్రెను గుద్దితే వెంటనే పోలీసులకు ఫోన్ చేయాలి. ఆ దేశం చేతిలో ఓడితే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం ఎక్కడా రాయలేదు.