టన్నులు చెప్పారు సరే, తేడా ఎంత?

2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్రలో మూడు వేల టన్నుల పైచిలుకు బంగారం దొరికిందని దేశమంతా ఊగిపోయింది. తర్వాత జీఎస్ఐ (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ) వివరణ ఇచ్చింది: ముడిఖనిజం 52,806 టన్నులు, టన్నుకు 3.03 గ్రాములు. గుణించండి, 160 కిలోలు! 2023లో జమ్మూకశ్మీర్‌లోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం అన్నప్పుడూ అంతే, అది జీ3 దశ, అంటే ప్రాథమిక అన్వేషణ దశ అంచనా అన్న ముక్క చాలా హెడ్‌లైన్లకు ఎక్కనే లేదు. నిక్షేపం ఎంతో చెప్పేవాళ్లు అది ఎంత అటూఇటూ కావచ్చో కూడా చెప్పి తీరాలి.

ఆ లెక్క కట్టే పద్ధతి మనకెప్పుడో ఉంది. దక్షిణాఫ్రికా విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో, శాంపిళ్లు చూసి బ్రహ్మాండం అనుకున్న బ్లాకులు తవ్వాక అంచనా కంటే తక్కువే ఇస్తున్నాయని, పేలవం అనుకున్నవి కాస్త ఎక్కువే ఇస్తున్నాయని 1951లో డానీ క్రిగ్ అనే గనుల ఇంజినీర్ పట్టుకున్నాడు. ఫ్రాన్స్‌లో గణితవేత్త జార్జెస్ మాథరాన్ దానికి గణితం కట్టి, చుట్టుపక్కల శాంపిళ్లను బట్టి తవ్వని చోట ఎంత ఉందో అంచనా కట్టే ఈ పద్ధతికి క్రిగింగ్ అని క్రిగ్ పేరే పెట్టాడు. ఇందులో గుండెకాయ వేరియోగ్రామ్: శాంపిళ్ల కోసం వేసిన రెండు బోర్ల మధ్య దూరం పెరిగేకొద్దీ గ్రేడ్‌లో (టన్నుకు ఎంత లోహం అన్నదానిలో) తేడా ఎలా పెరుగుతుందో అది చూపిస్తుంది, ఒక దూరం దాటాక ఈ బోరు ఆ బోరు గురించి ఏమీ చెప్పజాలదు. బంగారమైతే మరీ కష్టం. బోరు నుంచి తీసిన ఒకే రాతి కడ్డీని (కోర్) నిలువునా కోసి రెండు సగాలనూ ల్యాబ్‌కు పంపినా ఫలితాలు కలవకపోవచ్చు, ఎందుకంటే ఆ ఒక్క బంగారు రేణువు ఏదో ఒక సగంలోనే పడుతుంది. దీన్నే నగెట్ ఎఫెక్ట్ అంటారు. క్రిగింగ్ ఇచ్చే వేరియన్స్ (అంచనా ఎంత తప్పొచ్చో చెప్పే అంకె) ఒక్కటే చాలదు, అది బోర్ల అమరికను చూస్తుందే తప్ప వాటిలో పడిన గ్రేడ్‌లను చూడదు. అందుకే కండిషనల్ సిమ్యులేషన్‌తో, అంటే బోర్లలో దొరికిన గ్రేడ్‌లకు సరిపోయేలా కంప్యూటర్‌లో, వందల రకాలుగా ఆ నిక్షేపాన్ని గీసి, కనిష్ఠం ఇంత, గరిష్ఠం ఇంత అని చెప్పొచ్చు.

జనానికి ఇవన్నీ అర్థం కావు, గనుల వేలానికి వచ్చేవాళ్లు బెదిరిపోతారు అని కొందరంటారు. బెదరాల్సిన చోట బెదరనివ్వండి, డబ్బు పెట్టేది వాళ్లే కదా.

బండ్లగూడలో జీఎస్ఐ, బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్, ఉప్పల్‌లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ, మాసాబ్ ట్యాంక్‌లో ప్రభుత్వ గనుల కంపెనీ ఎన్ఎండీసీ. ఇంతమంది నిపుణులున్న హైదరాబాద్‌లో కూర్చుని కూడా మనం ఒంటి అంకెనే నమ్ముతున్నాం. ఎగ్జిట్ పోల్ అయినా, బడ్జెట్ అంచనా అయినా, భూగర్భ జలాల లెక్క అయినా ఇదే జబ్బు: తేడా ఎంతో చెబితే చేతకానితనం అనుకుంటారు, గొంతు పెంచి ఒకే అంకె చెబితే మేధావి అంటారు. గనుల నుంచే మార్పు మొదలుపెడదాం. వేలం నోటీసుతో పాటు బోర్ల డేటా, వేరియోగ్రామ్, కనిష్ఠ గరిష్ఠ అంచనాలు అందరికీ కనిపించేలా పెట్టాలని గనుల శాఖ రూల్ తేవాలి, అదీ వచ్చే వేలంలోపే.