కొండ కనిపిస్తే చాలదు

తిరుపతిలో ఇల్లు కొనాలనుకునే మనవాళ్లు అడిగేవి మూడే మూడు ప్రశ్నలు. బాల్కనీలోంచి కొండ కనపడుతుందా, ఎయిర్‌పోర్టు ఎంత దూరం, అయిదేళ్లలో రేటు ఎంత పెరుగుతుంది. డల్లాస్‌లో ఉన్నవాళ్లయినా, మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లయినా ఇవే అడుగుతారు. ఇందులో ఒక్కటి కూడా ఆ ఇంట్లో ఉండబోయే మనిషి అడిగే ప్రశ్న కాదు. ఉండబోయేది ఎవరు? డెబ్బై దాటిన అమ్మానాన్నలు. మనం వచ్చేది రెండేళ్లకోసారి, అదీ మూడు వారాలు. అందులో ఒక వారం పెళ్లిళ్లకు పోతుంది, ఒక రోజు దర్శనానికి పోతుంది, మిగిలింది పిల్లల కడుపునొప్పులకు సరిపోతుంది. మిగతా కాలమంతా ఆ గేటు తీసేది, పాలు తెచ్చుకునేది, మోటరు వేసేది, కరెంటు పోతే నాలుగు అంతస్తులు ఎక్కేది వాళ్లే. కాబట్టి ఏరియా ఎంచుకునే హక్కు మన ఫోన్‌లోని మ్యాపుకు కాదు, వాళ్ల మోకాళ్లకు ఇవ్వాలంటాను.

ఈ మాటంటే ఇక్కడి మన ఎన్నారై అసోసియేషన్‌లోనే సగం మంది ఒప్పుకోరు. "ఇన్వెస్ట్‌మెంట్ కూడా చూసుకోవాలి కదా అన్నా" అంటారు. ఆ సంగతి చివర్లో చూద్దాం.

ముందు కొండ. తిరుపతిలో కొండ కనపడని మేడ ఏదో చెప్పండి చూద్దాం. ఊరికి ఉత్తరం వైపంతా శేషాచలం గోడలాగా నిలబడి ఉంది, ఎం.ఆర్.పల్లి మిద్దె మీద నుంచి చూసినా కనపడుతుంది, పద్మావతీపురంలో చూసినా కనపడుతుంది. దానికోసం 'హిల్ వ్యూ' అని పేరు పెట్టిన అపార్టుమెంటులో చదరపు అడుగుకు అదనంగా కట్టడం దేనికి? పైగా ముందున్న ఖాళీ స్థలంలో రేపు ఇంకో బిల్డరు అయిదు అంతస్తులు లేపితే ఆ వ్యూ కాస్తా ఎదురింటివాళ్ల వంటగది వ్యూ అవుతుంది.

సరే, కొండకిందే కావాలి, అలిపిరి, కపిలతీర్థం, జీవకోన, అక్కారంపల్లి వైపే చూస్తాం అంటే, అక్కడి జీవితం ఎలా ఉంటుందో కూడా తెలుసుకుని చూడండి. గాలి బాగుంటుంది, నిజం. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది, అదీ నిజం. కానీ ఆ రోడ్లు ఊరివాళ్లవి కావు, భక్తులవి. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజున అలిపిరి వైపు నుంచి ఇంటికి చేరడం ఎంత కష్టమో అక్కడ కాపురం ఉన్నవాళ్లను అడగండి. అపార్టుమెంటులో పక్క ఫ్లాటు ఓనరు బెంగళూరులో ఉంటూ దాన్ని రోజువారీ రూములకు ఇచ్చేశాడంటే ఇక అర్ధరాత్రి రెండింటికి లిఫ్టు దగ్గర రోజుకో కొత్త ముఖం. పెద్దవాళ్లు భయపడేది దొంగలకు కాదు, పలకరించడానికి తెలిసిన మనిషి లేకపోవడానికి. చిరుతల సంగతీ ఉంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత కూడా యూనివర్సిటీ క్యాంపస్‌లో చిరుత కనిపించిందన్న వార్తలు వస్తూనే ఉన్నాయి. పొద్దున్నే ఆ చెట్ల కింద వాకింగ్‌కు వెళ్లే రిటైరైన మేష్టార్లకు ఇదేమీ చిన్న విషయం కాదు. అడవి అంచుకు ఎంత దగ్గరికి పోతే అంత, మన ఇంటి కంటే వాటి ఇల్లు ముందునుంచీ అక్కడుంది.

ఎయిర్‌పోర్టు గురించి ఎక్కువ చెప్పను. రేణిగుంట విమానాశ్రయానికి అంతర్జాతీయం అని పేరున్నా మనలో ఎక్కువ మంది దిగేది చెన్నైలోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో. చెన్నైలో దిగి కారెక్కితే మూడు గంటల ప్రయాణం, ఆ పైన ఇల్లు ఎయిర్‌పోర్టు పక్కనుంటే ఎంత, చంద్రగిరిలో ఉంటే ఎంత. బ్రోచర్లలో ఇంకోటి కనపడుతుంది, "ఐఐటీకి పది నిమిషాలు". ఐఐటీ, సైన్స్ విద్యాసంస్థ ఐసర్ రెండూ 2015లో వచ్చాయి, రెండూ ఏర్పేడు వైపే ఉన్నాయి, ఊరికి ఎంతో మేలే. మా అమ్మకు ఐఐటీలో పనేముంది?

అసలు చూడాల్సింది నీళ్లు. రెండు రకాల నీళ్లు, ఇంట్లోకి రావలసినవి, రాకూడనివి.

రాకూడని నీళ్ల సంగతి 2021లో బాగా తెలిసొచ్చింది. ఆ అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జిలో నిలిచిన వాన నీళ్లలో వాహనం చిక్కుకుని, కొండకు వచ్చిన ఓ కొత్త పెళ్లికూతురు చనిపోయింది. తర్వాతి నెల, నవంబరు మూడో వారంలో, వాన ఊరినే ముంచేసింది. కపిలతీర్థం దగ్గర కొండ మీద నుంచి దూకిన నీళ్లు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక తప్ప ఏమీ కనపడని స్వర్ణముఖి ఒడ్డులు కోసుకుంటూ పోవడం, ఒడ్డునున్న ఇల్లు కూలి నదిలో పడటం ఇక్కడ కూర్చుని ఫోన్లలో చూశాం. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఎం.ఆర్.పల్లి శ్రీకృష్ణనగర్‌లో అయితే ఓ ఇంట్లో సంపు శుభ్రం చేస్తుంటే సిమెంటు వరలు భూమిలోంచి పైకి లేచి నిలబడ్డాయి. భూమి లోపల నీటి ఒత్తిడి ఎంతుందో చెప్పడానికి అంతకంటే ఏం కావాలి. అందుకని ఏ వీధి చూసినా, ఆ వీధిలో ఇస్త్రీ బండి అతన్నో చిల్లరంగడి ఆయన్నో "అన్నా, ఆ నవంబరులో నీళ్లు ఎంతవరకు వచ్చినాయి?" అని అడగమంటాను. అతను మోకాలు చూపిస్తాడో, నడుము చూపిస్తాడో, తల అడ్డంగా ఊపుతాడో, ఆ సమాధానం ఏ బ్రోచర్‌లోనూ దొరకదు. ఇది మనం అక్కడ లేకపోయినా బావమరిదికో పిన్ని కొడుక్కో ఫోన్ చేసి అడిగించదగ్గ పనే. వాళ్లు మొహమాటపడి "బానే ఉందంటన్నా" అంటే నమ్మకండి, వీడియో కాల్ చేయమనండి.

ఇక రావలసిన నీళ్లు. ఊళ్లోకి తెలుగు గంగ నీళ్లు, కల్యాణి డ్యామ్ నీళ్లు వస్తాయి. కార్పొరేషన్ పైపు ఉన్న వీధికీ లేని వీధికీ మే నెలలో తేడా తెలుస్తుంది. కొత్త లేఅవుట్లలో చాలావాటికి బోరే గతి, బోరు ఎండితే ట్యాంకరు. ట్యాంకరు కోసం ఎండలో గేటు దగ్గర నిలబడేది ఎవరో మళ్లీ చెప్పక్కర్లేదు. ఊరు పెరిగిన వేగానికి మన ఆఫీసులు తట్టుకోలేదు, తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, వచ్చింది 1981లో, కార్పొరేషన్ అయింది 2007లో, జిల్లా కేంద్రమయింది 2022 ఏప్రిల్‌లో, ఒక్కోసారి ఒక్కో పక్కకు ఇళ్లు పరుగెత్తాయి, వెనకాల డ్రైనేజీ నడుచుకుంటూ వస్తోంది. చూడబోయే ఇల్లు కార్పొరేషన్‌లో ఉందా పంచాయతీలో ఉందా, చెత్త బండి వస్తుందా, మురుగునీరు ఎటు పోతుంది, ఇవి అడిగితే బ్రోకరు మనవైపు వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

మరి ఎక్కడ కొనమంటావయ్యా అంటే, నా ఓటు పాత ఊరికే. బాలాజీ కాలనీ, భవానీ నగర్, కె.టి. రోడ్డు చుట్టుపక్కల, లేదంటే ఎం.ఆర్.పల్లిలో ఎత్తుగా ఉన్న వీధులు. ఇవేమీ అందంగా ఉండవు. పార్కింగ్ కష్టం, వీధులు ఇరుకు, ఇళ్లు ఇరవై ముప్పయ్యేళ్ల కిందటివి, అదే డబ్బుకు ఊరి బయట రెండింతల ఇల్లు వస్తుంది. అయినా సరే అంటాను. ఛాతీలో నొప్పి వస్తే స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఆటో దూరం. ఎముకలకు బర్డ్ ఉంది, కంటికి అరవింద్ వచ్చింది. సాయంత్రమైతే అన్నమాచార్య కళామందిరంలోనో మహతిలోనో ప్రవచనమో కచేరీయో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, టికెట్ లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ వీధుల్లో ఉండేది టీటీడీలోనో, యూనివర్సిటీలోనో, కాలేజీలోనో పనిచేసి రిటైరైనవాళ్లు, అంటే మధ్యాహ్నం నాలుగింటికి మాట్లాడే మనుషులుంటారు. ఊరి బయట గేటెడ్ కమ్యూనిటీలో విల్లా కొనిచ్చిన ఓ స్నేహితుడి నాన్నగారు ఫోన్లో అన్న మాట: "ఇల్లు బ్రహ్మాండంగా ఉందబ్బా, గోడలకు మాత్రం మాటలు రావు." ఇప్పుడాయన వారానికి మూడు రోజులు ఆటోలో పాత ఇంటి వీధికి పోయి, మంగలి షాపులో పేపరు చదివి వస్తాడట.

తిరుచానూరు రోడ్డు వైపు కూడా చెడ్డదేం కాదు. కలెక్టరేటు ఆ వైపే వచ్చింది, అంగళ్లు పెరిగాయి. కాకపోతే కార్తీకంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలు, పంచమి తీర్థం రోజున వచ్చే జనం గుర్తుంచుకోండి. ఇంకోటి, 2023 సెప్టెంబరులో తెరిచిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఏడు కిలోమీటర్లు ఊరి మీదుగా పోతుంది. దాని వల్ల కింద రోడ్డు మీద కొంత ఊపిరి ఆడుతోంది కానీ, సరిగ్గా దాని ఎత్తులో బెడ్రూమ్ కిటికీ ఉన్న ఫ్లాటు చవగ్గా వస్తోందంటే ఎందుకు వస్తోందో ఒక రాత్రి అక్కడ పడుకుని చూడండి.

కాగితాల విషయం. తిరుపతి చుట్టూ భూమి మామూలు భూమి కాదు. దేవుడి మాన్యాలు, మఠం భూములు, ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టాలు, చెరువు పోరంబోకులు, అన్నీ పక్కపక్కనే ఉంటాయి. 1843 నుంచి 1933 దాకా తిరుమల పాలన చూసిన హథీరాంజీ మఠానికి ఊరి చుట్టూ ఉన్న భూముల గొడవలు తిరుపతివాళ్లకు కొత్త కాదు. అలాంటి చోట ఇల్లు కట్టుకుని ముప్పయ్యేళ్లు కాపురం ఉన్నంత మాత్రాన, పన్ను రసీదు, కరెంటు బిల్లు ఉన్నంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు. సర్వే నంబరు పట్టుకుని నిషేధిత భూముల జాబితా, అదే 22ఏ, చూసుకోవాలి, ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ తీయించాలి, లింకు డాక్యుమెంట్లు పాతవన్నీ లాయరుకు చూపించాలి. తుడా అప్రూవల్ ఉందన్న మాట కాదు, ఆ లేఅవుట్ నంబరు కావాలి. రేటు చెప్పేటప్పుడు అంకణాల్లో చెబుతారు, తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరులో 72. నెల్లూరు అల్లుళ్లు కాస్త జాగ్రత్త.

మనకు మాత్రమే వర్తించే చిక్కు ఇంకోటుంది. ఎన్నారైలు, విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు ఇల్లు కొనొచ్చు, ఇళ్ల స్థలం కొనొచ్చు, వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. విదేశీ మారకద్రవ్యం మీద ఉన్న ఫెమా చట్టం అది. చంద్రగిరి, రామచంద్రాపురం వైపు "ఫామ్ ప్లాట్లు" అని మామిడి మొక్క నాటి అమ్మేవి చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి, ఇళ్ల స్థలంగా మార్చిన కాగితం లేకపోతే అది పొలమే. "దానిదేముంది సార్, మీ నాయన పేరు మీద రాయించండి" అంటారు. నాన్నకు డబ్బు బహుమతిగా ఇస్తే ఆయన తన ఇష్టంతో కొనుక్కోవడం వేరు, ఆయన పేరు వాడుకుని మనం కొనడం వేరు. రెండోదాన్ని బినామీ చట్టం కింద ప్రశ్నించే వీలుంది. రేపు అన్నదమ్ముల మధ్య పంపకాల్లో "ఆ డబ్బు నాది" అని నిరూపించుకోవాల్సి వస్తే ఆ బాధ ఇంకో రకం.

ఇప్పుడు ఇన్వెస్ట్‌మెంట్. రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ కంపెనీలు ఉన్నాయి, తిరుపతి నుంచి పాకాల మీదుగా కాట్పాడికి రెండో రైలు లైనుకు 2025 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది, భూమి రేట్లు పెరగవని నేననడం లేదు. పెరిగే ప్లాటు కావాలంటే ప్లాటు కొనుక్కోండి, ప్రహరీ కట్టించి ఏడాదికోసారి వెళ్లి ముళ్లకంప కొట్టించి రండి. కానీ ఆ ప్లాటు మీదే ఇల్లు కట్టి, కాపలాకు అమ్మానాన్నలను అందులో పెట్టి, దాన్ని వాళ్లకోసం కొన్న ఇల్లని అందరికీ చెప్పుకోవడం నాకు నచ్చని పని. చాలా కుటుంబాల్లో జరుగుతున్నది అచ్చంగా ఇదే, పేరు మాత్రం గృహప్రవేశం.

పోనీ ఏదీ తేల్చుకోలేకపోతే, ముందు ఆ ఏరియాలోనే ఒక ఏడాది బాడిగకు తీసుకోండి. కొనే ధరతో పోలిస్తే తిరుపతిలో బాడిగలు ఏమంత కావు. ఏడాదంటే ఒక మే నెల నీళ్లు, ఒక బ్రహ్మోత్సవం ట్రాఫిక్, ఒక నవంబరు వాన చూసినట్టు. దీనికి అడ్డుపడేది డబ్బు కాదు, పరువు. "కొడుకు అమెరికాలో ఉండి నన్ను బాడిగింట్లో పెట్టినాడంటారు రా" అని నాయన అంటాడు, అక్కడితో మాట ఆగిపోతుంది. అప్పుడు అమ్మను అడగండి. వంటగదిలో గాలి వస్తుందా, పనిమనిషి దొరుకుతుందా, గుడి నడిచిపోయేంత దూరంలో ఉందా అని ఆమె లెక్కలు ఆమెకుంటాయి, పరువు ఆ లెక్కల్లో చివర ఉంటుంది. ఆ బాడిగిల్లే నచ్చితే ఓనరును అమ్ముతారా అని అడగండి. ఓనరుగారి పిల్లలు కూడా మన పక్క స్టేట్‌లోనే ఎక్కడో ఉండి ఉంటారు, వాళ్ల నంబరు మన అసోసియేషన్‌లోనే దొరకొచ్చు.