మోటారు కాలకుండా ఆపడం టెక్నాలజీ కాకపోతే ఇంకేంది?

మా బోరు మోటారు కాలకుండా చూసుకునే ప్రోగ్రాం ఒకటి రాశాను, దానికి పేటెంట్ వేద్దామని ఇప్పుడే తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక పేటెంట్ కన్సల్టెంట్‌ను కలిసి వస్తున్నా. బండి స్టాండ్ వేసి ఇక్కడే కూర్చుని టైప్ చేస్తున్నా, ఇంటికెళ్లేదాకా ఆగలేను. రెండు నెలల కింద ఫీజు తీసుకున్న మనిషి ఈ రోజు ఫైలు మూసి నా వైపు జరిపి అన్న మాట ఇది: "సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్ రాదు తమ్ముడూ. ఏదన్నా చిన్న పెట్టె జత చెయ్, డ్రాయింగ్ వేసి పంపుదాం."

అంటే ఏదో ఒక హార్డ్‌వేర్ ఉన్నట్టు చూపించమని. పెట్టె ఎందుకన్నా? దాంట్లో ఏం పెట్టాలి?

ఇరాల దగ్గర మా బోరు సంగతి మన వైపు వాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. కాసేపు నీళ్లు, కాసేపు గాలి, మళ్లీ నీళ్లు. నీళ్లు దిగిపోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, చల్లబరిచే నీళ్లు లేక వైండింగ్ కాలిపోతుంది. పోయిన వేసవిలో పైపులన్నీ పైకి లాగి మోటారు బయటికి తీస్తే ఆ కాలిన వాసన రెండు రోజులు నాయన చొక్కాకే ఉండింది. రీవైండింగ్, కూలీ కలిపి 20 వేలు దాటింది. ఈలోగా రెండు మళ్ల టమాటా ఎండిపోయింది.

నీళ్లు లేకపోతే ఆపే స్టార్టర్లు మార్కెట్లో ఉన్నాయి, లేవని నేను అనను. కానీ వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా అవి ఆపేస్తాయి, మళ్లీ ఎప్పుడు వెయ్యాలో వాటికి తెలీదు. నా ప్రోగ్రాం మోటారు లాగే కరెంటును చూసుకుంటూ, ఈ బోరు ఎంతసేపటికి ఎండుతుంది, ఎంతసేపు ఆపితే మళ్లీ ఊరుతుంది అని రోజురోజుకూ నేర్చుకుని తనే వేస్తుంది, తనే ఆపుతుంది. కొత్త సామాను ఏదీ కొనకుండా, ఉన్న స్టార్టరుతోనే ఇంత పని జరగడమే దీని గొప్ప. రైతు జేబుకు అదే కదా కావాల్సింది! దాన్నే ఈయన లోపం అంటాడు.

చట్టం ఏమంటుందో నేనూ చదివాను. పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె)లో కంప్యూటర్ ప్రోగ్రాం "పర్ సే" పేటెంట్‌కు పనికిరాదు అని ఉంది. పర్ సే అంటే ప్రోగ్రాం ఒక్కటే, విడిగా. ఆ రెండు ముక్కలు ఊరికే రాయలేదు కదా. పేటెంట్ ఆఫీసు 2016 మార్గదర్శకాల్లో ప్రోగ్రాంతో పాటు కొత్త హార్డ్‌వేర్ ఉండాలన్న షరతు పెట్టారు, 2017లో తీసేశారు. టునీషియాకు చెందిన ఫెరిద్ అల్లాని కేసులో 2019 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కార్లు, వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లలో కూడా ప్రోగ్రాములు ఉంటున్నాయని గుర్తుచేసి, ఆ ప్రోగ్రాం వల్ల ఏం ఫలితం వస్తోందో చూడమంది. అల్లాని తన పేటెంట్ అప్లికేషన్ ఇక్కడ వేసింది 2002లో. పేటెంట్ ఆయుష్షే 20 ఏళ్లు, 17 ఏళ్లు ఈ పర్ సే అన్న ఒక్క మాట కోసం పోయాయి. అయినా తిరుపతిలో మనకు సలహా ఇచ్చేవాళ్లు 2016 దగ్గరే ఆగిపోయారు.

పెట్టె అనగానే నాకు ఇంకోటి గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో మా బ్యాచ్ ఒక ప్రాజెక్టు చేసింది. రాత్రుళ్లు కూర్చుని కోడ్ రాసింది మేము ముగ్గురం. కాలేజీ దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో సెన్సార్‌తో కలిపి బిగించి పేటెంట్‌కు వేసింది. అప్లికేషన్‌లో ఆరుగురు సార్ల పేర్లు ఉన్నాయి, మా పేరు ఒక్కటీ లేదు. పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో పబ్లిష్ కాగానే గేటుకు ఫ్లెక్సీ కట్టి పేటెంట్ వచ్చేసిందన్నారు. పబ్లిష్ అవడమంటే అప్లికేషన్ వేశారని లోకానికి తెలియడం, అంతే! పేటెంట్ ఆఫీసు దాన్ని పరీక్షించాలి, వాళ్ల అభ్యంతరాలకు జవాబివ్వాలి, అప్పుడు కదా ఇచ్చేది. ఆ డబ్బా ఇప్పుడు ఏ బీరువాలో ఉందో, దాంతో ఒక్క మనిషికైనా పని జరిగిందో నాకైతే కనపడలేదు. అలాంటి దాన్ని డబ్బా ఉంది కాబట్టి ఇన్వెన్షన్ అంటారు, మా చేన్లో మూడు నెలలుగా మోటారును కాపాడుతున్నదాన్ని ఉత్త యాప్ అంటారు.

పేటెంట్ వస్తుందో రాదో పరీక్షలో తేలనీ. కొత్తది కాదంటే ఒప్పుకుంటా, ఇంతకుముందే ఇంకొకరు చేశారని చూపిస్తే దండం పెట్టి వెనక్కి తీసుకుంటా. అసలు వెయ్యకముందే రాదని చెప్పి, లేని పెట్టె గీయమంటే మాత్రం గీయను. రేపు పొద్దున్నే వెళ్లి నా కాగితాలు, నేను కట్టిన ఫీజు వెనక్కి అడుగుతా. 3(కె) మీద నిజంగా వాదించి పని చేయించుకున్నవాళ్లు మన చిత్తూరు, తిరుపతి వైపు ఎవరన్నా ఉంటే కింద చెప్పండి, రేపే వచ్చి కలుస్తా.