ఈ కొండకు ఈవో లేరు

ఐస్‌లాండ్ మీద మా అభియోగం ఒక్కటే. కొండ ఉంది, దేవస్థానం లేదు.

స్కాఫ్తాఫెల్ అనే ప్రాంతంలోని క్రిస్టినార్‌టిండార్ కొండ ఎత్తు 1,126 మీటర్లు. ఒక పక్క స్కాఫ్తాఫెల్స్‌యోకుల్, మరో పక్క మోర్సారయోకుల్, రెండు హిమానీనదాల నడుమ శిఖరం. కింద సందర్శకుల కేంద్రం దగ్గర మొదలుపెడితే దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కాలి. రానూపోనూ సుమారు 18 కిలోమీటర్లు, ఆరు నుంచి ఎనిమిది గంటలు. అలిపిరిలో 3,550 మెట్లున్నాయి, మోకాళ్ల పర్వతం దాకా పసుపు కుంకుమలు పెట్టుకుంటూ పోవచ్చు. ఇక్కడ డోలీ లేదు, గోలీసోడా లేదు. ఎమ్మెల్యే గారి సిఫారసు లేఖ పట్టుకెళ్తే తీసుకునే కౌంటరైనా లేదు. వసూలు చేసేది పార్కింగ్ రుసుమొక్కటే. ఇంత నిర్లక్ష్యమా?

మొదట్లో అంతా మర్యాదే. బిర్చ్ చెట్లు, చదునైన బాట, నల్లరాతి స్తంభాల మధ్య సుమారు 20 మీటర్లు దూకే స్వార్తిఫాస్ జలపాతం. మన భక్తులు అక్కడే సెల్ఫీలకు గంట సమర్పించుకుంటారు. ఆ గంట పైన కావాల్సొస్తుంది.

తర్వాత చెట్టు పోయి గడ్డి, గడ్డి పోయి రాయి. కనుమ దగ్గర శిఖరానికి వేరే దారి చీలుతుంది, మళ్లీ అక్కడికే దిగిరావాలి. ఆ చివరి ముక్క వట్టి వదులురాళ్లు. పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బి రాతిని పెంకులుగా విడగొడుతుంది, వాటిని పట్టి ఉంచడానికి వేళ్లు లేవు. అడుగేస్తే సగం వెనక్కి జారుతుంది. చిన్న అడుగులు వేయాలి, పాదం మొత్తం ఆనించాలి. ముందువాళ్లకు సరిగ్గా కింద నిలబడితే వాళ్లు తన్నిన రాయే ప్రసాదం. దిగేటప్పుడు చేతికర్రలు కాస్త పొడుగు చేసుకోకపోతే బరువంతా మోకాళ్ల మీదే. జూలైకి ముందు పైన మంచు మిగిలి ఉండొచ్చు, దాని మీద జారితే ఆపే రాయి కూడా దొరకదు.

వాతావరణ శాఖదీ కుట్రే. గాలిని సెకనుకు మీటర్లలో చెబుతుంది. తెరమీద 15 చూసి మనవాళ్లు ఫ్యాను మూడో నంబరనుకుంటారు. అది గంటకు 54 కిలోమీటర్లు. జీన్స్ తడిస్తే ఆరదు. ఎక్కుతున్నప్పుడు చెమట పట్టకముందే జాకెట్ విప్పాలి, కనుమ మీదికి చేరకముందే తొడగాలి. తడి చొక్కాతో ఆ గాలిలో నిలబడితే పది నిమిషాల్లో పళ్లు తాళం వేస్తాయి. తిండి విషయంలో మాత్రం మనదే పైచేయి. పులిహోర పాడవదు, ఉప్పూ నూనే రెండూ ఉన్నాయి, వేడి చేయనక్కర్లేదు. మిరపకాయలు ముందే ఏరేయండి, నీళ్లు రెండు లీటర్లే ఉంటాయి.

ఇక దర్శనం. తూర్పున హ్వన్నదాల్స్‌హ్నూకుర్, ఐస్‌లాండ్‌లో ఎత్తైన శిఖరం. చాన్నాళ్లు 2,119 మీటర్లని చెప్పుకున్నారు, 2005లో మళ్లీ కొలిస్తే 2,110 తేలింది. తొమ్మిది మీటర్లు ఎవరు మింగారో విచారణ కమిషనైనా వేయలేదు. కళ్లముందున్న స్కాఫ్తాఫెల్స్‌యోకుల్ ఒకప్పుడు పక్కనున్న స్వీనాఫెల్స్‌యోకుల్‌తో కలిసి ఉండేది, ఇరవయ్యో శతాబ్దంలో వెనక్కి జరిగి విడిపోయాయి. మూలవిరాట్టే కరుగుతున్న గుడిలో దర్శనం వాయిదా వేయడం ఎంతవరకు సబబో ఆగమపండితులే చెప్పాలి.

మేఘం కమ్మితే తలుపులు మూసినట్టే, డబ్బు వాపసు లేదు. కనుమ చేరేసరికి శిఖరం కనబడకపోతే ఎక్కొద్దు, వదులురాళ్లలో బాట కూడా కనబడదు. తూర్పు అంచున గ్లామా అనే చోటు మీదుగా స్యోనర్‌నీపా అనే కొండ అంచుకు దిగండి. మూలవిరాట్టు కాకపోయినా ఉత్సవమూర్తి అక్కడ ఉంటుంది. ఆ అంచు శిఖరానికి చాలా కిందుంది, మేఘం తరచూ దానికి పైనే ఆగిపోతుంది. పాదాల కిందే హిమానీనదం, నల్ల చారలతో, పగుళ్లతో, అటుకులు చల్లినట్టు. కంచె లేదు. "ముందుకు జరగండి" అనే వాలంటీరు లేరు కాబట్టి వెనక్కి మీరే జరగాలి.