మీ తాతగారికి మండువా లోగిలి లేదని నాకు తెలుసు

మొన్న రాత్రి పదకొండు దాటాక ఒక జూనియర్ వాట్సాప్‌లో ఎంఆర్క్ (ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్) సీటు కోసం రాసిన ఎస్‌ఓపీ, అంటే ఆ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నాడో చెప్పే వ్యాసం, పంపాడు. "అక్కా, ఒక్కసారి చూసిపెట్టవా, ఎల్లుండే లాస్ట్ డేట్" అని. తెరిచాను. మొదటి పేరా అంతా వాళ్ళ తాతగారి మండువా లోగిలి. నడిమధ్య వాన పడుతుంటే, స్తంభానికి ఆనుకుని కూర్చుని, ఆరేళ్ళ వయసులోనే వీడికి ఆర్కిటెక్చర్ మీద మక్కువ కలిగిందట. ఇంగ్లీషు మాత్రం భలే కుదిరింది.

ఈ సీజన్‌లో నా దగ్గరికి వచ్చిన మూడో మండువా ఇది. గోదావరి జిల్లాల్లో వెతికినా ఇప్పుడు ఇంత సులువుగా దొరకవు. పైగా వీళ్ళ తాతగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, సర్వీసంతా కాజీపేట క్వార్టర్స్‌లోనే గడిచింది. ఆ మాట నాకు చెప్పింది వీడే.

"ఒరేయ్, ఈ మండువా ఎక్కడిదిరా?"

"కన్సల్టెన్సీ వాళ్ళ శాంపిల్‌లో ఉందక్కా. బాగుంది కదాని ఉంచేశా."

గట్టిగా తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఏడేళ్ళ కిందట నేను ఎంఆర్క్ ఇంటర్వ్యూ కోసం రాసుకున్న దాంట్లో మా అమ్మమ్మగారి చుట్టిల్లు ఉంది. మా అమ్మమ్మది మామూలు డాబా ఇల్లు. అందుకే ఈ పోస్టు. ఎంఆర్క్ ఎందుకు చేస్తారో పైకి రాసేది ఒకటి, లోపల ఉండేది ఇంకొకటి. ఆ లోపలి కారణాలు చెప్పుకోవడానికి మనకి ఎందుకింత సిగ్గో నాకు అర్థం కాదు.

నావే చెప్తాను. బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, ఐదేళ్ళు. ఇంటర్‌లో నా పక్కన కూర్చున్నవాళ్ళు బీటెక్ నాలుగేళ్ళలో ముగించి ఉద్యోగంలో చేరే నాటికి, నేను ఇంకా థీసిస్ మోడల్ కోసం సన్‌బోర్డు కోస్తూ వేళ్ళు కోసుకుంటున్నాను. బయటికొచ్చాక మొదటి జీతం 18 వేలు. హైదరాబాద్‌లో హాస్టల్‌కీ బస్సుకీ పోగా మిగిలినదాంతో నెలాఖరున అమ్మకి ఫోన్ చేసి "ఓ రెండు వేలు వెయ్యవా" అనడమే. మా బాబాయి ప్రతి పండక్కీ ఒకటే మాట: "అయిదేళ్ళు చదివావు, మేస్త్రీకి ఇంతకంటే ఎక్కువొస్తుంది కదమ్మా." నిజమే, వస్తుంది. కాదని ఏం చెప్పను?

రెండేళ్ళు ఆ ఆఫీసులో నేను గీసినవి దాదాపు అన్నీ టాయిలెట్ డీటైల్సే. టైల్ కటింగ్ ఏ మూల నుంచి మొదలుపెట్టాలి, బాత్రూమ్ స్లాబు ఎంత కిందికి దించాలి (సన్‌కెన్), నీళ్ళు పోయే ట్రాప్ ఎక్కడ. అది చిన్న పనని అననుగానీ (నీళ్ళు కారే బాత్రూమ్ ఉన్న ఇంట్లో ఉంటే దాని విలువ తెలుస్తుంది), రోజూ పన్నెండు గంటలు అదే గీస్తే మనిషి ఏదో ఒక తలుపు వెతుక్కుంటాడు. ఎంఆర్క్ ఒక తలుపు. నా మొదటి కారణం పారిపోవడం.

రెండోది ఇంకా చిన్నది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. "చదువుకుంటోంది" అంటే రెండేళ్ళు ఆగుతారు. "ఉద్యోగం చేస్తోంది" అంటే ఆగరు. నాతో చేరిన అమ్మాయిల్లో కనీసం నలుగురిది ఇదే కథ. ఏ ఎస్‌ఓపీలోనూ ఈ వాక్యం కనపడదు, కానీ మన కాలేజీల్లో చాలా సీట్లు దీని పుణ్యమానే నిండుతున్నాయని నా గట్టి నమ్మకం.

ఇక ఈ రంగం తెలియనివాళ్ళు అడిగే ప్రశ్న: ఎంఆర్క్ చేస్తే ఏమొస్తుంది? ప్రాక్టీసుకి అది అక్కర్లేదు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ యాక్ట్ ప్రకారం బీఆర్క్‌తోనే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ చేయించుకుని బోర్డు పెట్టుకోవచ్చు. కాలేజీలో పాఠం చెప్పాలంటే మాత్రం కావాలి. ఆఫీసుల్లో జీతం పెరుగుతుందా అంటే, నాకు తెలిసి చాలాచోట్ల ఆ రెండేళ్ళు సైట్ మీద ఉన్నవాడికే ఎక్కువ ఇస్తారు. డబ్బు కోసం అయితే వద్దు. గేట్ ప్రవేశ పరీక్షలో ఆర్కిటెక్చర్ పేపరు రాసి మంచి చోట సీటు తెచ్చుకుంటే నెలకి 12,400 స్టైపెండ్ వస్తుంది. అప్పు లేకుండా బయటపడొచ్చు, అంతే.

అమెరికా వెళ్ళేవాళ్ళ లెక్క వేరు. అక్కడ అసలు కారణం చాలాసార్లు కోర్సు పేరు పక్కన స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల జాబితా) అని ఉందా లేదా అన్నది. ఉంటే చదువయ్యాక ఏడాది ఓపీటీకి (చదివినదాని మీద అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి) ఇంకో 24 నెలలు కలుస్తాయి. కోర్సుకి ఉండే కోడ్‌ని బట్టే ఇది. మామూలు ఆర్కిటెక్చర్ కోడ్ స్టెమ్ కిందికి రాదు, బిల్డింగ్ టెక్నాలజీ వైపు కోడ్ వస్తుంది. మనవాళ్ళు ఫ్యాకల్టీ పేర్లు చూడరు, ఈ కోడ్ చూస్తారు. లక్షల్లో అప్పు నెత్తిన పెట్టుకున్నవాడు ఆ లెక్క చూడడంలో తప్పు లేదు. నా బాధల్లా ఇంకొకటి. అక్కడ లైసెన్సు కావాలనుకునేవాళ్ళు ఎన్‌ఏఏబీ (అక్కడ ఆర్కిటెక్చర్ కోర్సులకి గుర్తింపునిచ్చే బోర్డు) గుర్తింపు చూసుకోవాలి. మాస్టర్స్‌లో అది ప్రొఫెషనల్ ఎంఆర్క్‌కే ఉంటుంది. బీఆర్క్ అయినవాళ్ళు చేరే పోస్ట్ ప్రొఫెషనల్ కోర్సులకీ, ఎంఎస్ కోర్సులకీ ఉండదు. నాకు తెలిసినవాళ్ళు ఇద్దరు ఈ సంగతి ఫీజు కట్టాక తెలుసుకున్నారు.

ఈ మాటలు ఎక్కడ మొదలైనా ఒకడు తప్పకుండా వచ్చి "జపాన్ ఆర్కిటెక్ట్ టడావో ఆండోకి డిగ్రీయే లేదు, 1995లో ప్రిట్జ్‌కర్ వచ్చింది తెలుసా" అంటాడు. ప్రిట్జ్‌కర్ అంటే ఆర్కిటెక్చర్‌లో అతిపెద్ద అవార్డు. తెలుసు. ఆయన బాక్సింగ్ కూడా చేశాడు, అది చేస్తావా మరి? దేశాలు పట్టుకు తిరిగి కట్టడాలు చూసి నేర్చుకున్న మనిషి ఆయన. నువ్వు ఆదివారం పూట గోల్కొండ దాకా వెళ్ళడానికి బద్ధకిస్తావు. మన దేశపు పెద్ద ఆర్కిటెక్టుల్లో చార్లెస్ కొరియా అమెరికాలో ఎంఐటీలో మాస్టర్స్ చేశాడు. బి.వి. దోషి పారిస్ వెళ్ళి చండీగఢ్‌ని డిజైన్ చేసిన లె కొర్బూజియే ఆఫీసులో పనిచేసి వచ్చి, 1962లో అహ్మదాబాద్‌లో ఏకంగా స్కూలే పెట్టాడు. ఎవరి దారి వాళ్ళది. ఆండో పేరు అడ్డం పెట్టుకుని చదువు మానేసినవాడు ఆండో అయిన దాఖలా నేను చూడలేదు.

సరే, పారిపోవడానికి వెళ్ళిన నేను అక్కడ ఏం చేశానో చెప్పాలి కదా.

ఆఫీసులో ఉన్నప్పుడు విజయవాడలో ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ పని వచ్చింది. పై అంతస్తు స్లాబు మీద ఇన్సులేషన్ వేద్దామని మీటింగ్‌లో అన్నాను. మా సార్ నా వైపు కూడా చూడలేదు. బిల్డర్ నవ్వి "టాప్ ఫ్లోర్ వాళ్ళు ఎలాగూ ఏసీ పెట్టించుకుంటారు మేడమ్" అన్నాడు. అక్కడితో అయిపోయింది. నేను మళ్ళీ టాయిలెట్ డీటైల్స్‌కి వెళ్ళిపోయాను. కానీ ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. ఏసీ పెట్టించుకోలేనివాళ్ళ సంగతి? మాదీ పై అంతస్తే. మే నెలలో మా అమ్మ అర్ధరాత్రి లేచి బండల మీద నీళ్ళు చల్లుకుని పడుకోవడం చూస్తూ పెరిగాను.

ఎంఆర్క్‌లో థీసిస్ టాపిక్ ఏమిటని అడిగితే నోట్లోంచి ఇదే వచ్చింది. మే నెలలో రెండు వారాలు విజయవాడ సత్యనారాయణపురంలో ఒక పై వాటా ఇంట్లో, చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో, రెండు గంటలకోసారి స్లాబు అడుగు భాగం కొలిచి నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆ ఇంట్లో ఒక మామ్మగారు. మొదటి రోజు ఆ గన్ను చూసి భయపడ్డారు. కరోనాకి నుదుటి మీద పెట్టేదేమో అనుకున్నారట. రాత్రి పది గంటలకి బయట గాలి తిరిగింది, వీధిలో జనం అరుగుల మీద కూర్చున్నారు. లోపల స్లాబు మాత్రం ఇంకా 40 డిగ్రీల పైనే చూపిస్తోంది. నేను బ్యాటరీ పోయిందేమోనని ఇంకోసారి కొట్టాను. మామ్మగారు మంచం మీద నుంచే అన్నారు:

"పగలంతా తాగిందంతా ఇప్పుడు కక్కుతుందమ్మా. రెండింటిదాకా ఇంతే."

టైమ్ ల్యాగ్ (బయటి వేడి లోపలికి దిగడానికి పట్టే ఆలస్యం) అని మాకు ఒక సెమిస్టర్ పాఠం ఉంది. గ్రాఫులు, ఫార్ములాలు, వైవా. మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. "తాగిందంతా కక్కుతుంది" అని నా థీసిస్‌లో రాస్తే గైడ్ కొట్టేశారు, ఇంగ్లీషులోకి మార్చమన్నారు.

మరి మామ్మగారికి తెలిసినదానికి రెండేళ్ళు చదవడం ఎందుకు? ఎందుకంటే బిల్డర్ ముందు మామ్మగారి మాట నిలబడదు. ఇళ్ళ కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత అనే కోడ్ పైకప్పు యూ వాల్యూ 1.2 దాటకూడదంటుంది. అంటే కప్పులోంచి వేడి ఎంత జోరుగా దిగుతుందో చెప్పే అంకె. ఏ పూతా లేని మన ఆరంగుళాల స్లాబుకి అది రెండింతల పైమాటే. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ (ఎండని తిప్పికొట్టే పైకప్పు) పాలసీ తెచ్చింది. ఇవన్నీ నాకు ఆఫీసులో ఎవరూ చెప్పలేదు, చదివే తీరిక కూడా లేదు. ఇప్పుడు అదే మీటింగ్‌లో కూర్చుంటే లెక్క ముందు పెట్టి అడుగుతాను: ఇంత ఖర్చు, కరెంటు బిల్లులో ఇంత తేడా, మీ బ్రోషర్‌లో వేసుకోడానికి ఒక లైను. బ్రోషర్ అనేసరికి వింటారు. అన్నిసార్లూ గెలుస్తానని కాదు. పోయిన ఏడాది మూడు ప్రాజెక్టుల్లో అడిగితే ఒకదాంట్లో ఒప్పుకున్నారు, అది కూడా తెల్ల టైల్స్ వరకే.

నా జీతం ఇప్పటికీ మా బాబాయికి చెప్పుకునేంత లేదు. పెళ్ళి వాయిదా పడింది, తర్వాత అయింది కూడా. పారిపోవడానికి వెళ్ళినందుకు నాకు బాధ లేదు. వెళ్ళేటప్పుడు సంచిలో ఆ స్లాబు గొడవ ఒకటి ఉండబట్టి సరిపోయింది. అది లేకుండా వచ్చినవాళ్ళు మా క్లాసులో ఉన్నారు, ఆర్నెల్లకే "టాపిక్ ఏదైనా ఇవ్వండి సార్" అని గైడ్ల వెనక తిరిగారు. వాళ్ళకి మళ్ళీ ఐదో ఏడాది బీఆర్క్ చదివినట్టే అయింది, ఫీజు మాత్రం ఎక్కువ.

మా జూనియర్‌కి అదే అడిగాను. ఆ మండువా తీసెయ్, నిన్ను నిజంగా గెలికేది ఏదైనా ఉందా అని. చాలాసేపు టైపింగ్ అని చూపించి ఆగిపోయింది. పడుకుందామనుకుంటుంటే ఫోనే చేశాడు.

"అక్కా, తాతయ్య కాజీపేట క్వార్టర్‌లో ఫ్యాన్ లేకపోయినా ఎండాకాలం మధ్యాహ్నం నిద్రపోయేవాడు. గోడలు ఇంత లావు, పైన కప్పు దగ్గర చిన్న చిన్న వెంటిలేటర్లు ఉండేవి. రిటైరయ్యాక ఉప్పల్‌లో ఫ్లాట్ కొన్నాం. అక్కడ పడుకోలేక మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఇది రాయొచ్చా? మరీ మామూలుగా ఉంటుందేమో."

"రాయి. ఆ క్వార్టర్ ఇంకా ఉందా?"

"ఉంది. ఎవరో ఉంటున్నారు."

ఎల్లుండి లాస్ట్ డేట్ కాబట్టి రేపు పొద్దున బండెక్కి వెళ్ళి, వాళ్ళని బతిమాలుకుని, ఆ వెంటిలేటర్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలుచుకు రమ్మన్నాను. టేపు ఉందా అంటే లేదన్నాడు. ఐదేళ్ళు ఆర్కిటెక్చర్ చదివినవాడు.